కారు క్రింది ఉయ్యాల

మా యింట పసిబిడ్డలున్న దినములలో నడిమి దూలమునకు ఇనుప స్ప్రింగు తగిలించి, దానికి చీరతో ఉయ్యాల కట్టెడివారము. బిడ్డను పరుండబెట్టి ఒకమారు క్రిందికి లాగి విడిచినచో అది చాలసేపు పైకి క్రిందికి ఊగుచుండెడిది. బిడ్డ కన్ను మూసిన పిదప మనము చేతితో మెల్లగా పట్టి ఆపవలసినదే గాని స్ప్రింగు తనంతట తాను త్వరగా ఆగదు. మోటారు కారు క్రింద నున్న మర్మమంతయు ఈ ఉయ్యాలలోనే కలదని మేము అరువదేండ్ల ప్రాయమున తెలిసికొంటిమి. తెలిసికొన్న విధమును సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది జహీరాబాదు. ఎర్రనేలలును, చెరకు తోటలును గల ఊరు. 1980 దశకమున హైదరాబాదు ఆల్విన్ వారును, జపాను దేశపు నిస్సాన్ వారును కలిసి ఇచ్చట చిన్న లారీల కర్మాగారమును నడపిరి. తరువాత అది మహీంద్రా వారి చేతికి వచ్చెను. 2013లో వారి ట్రాక్టర్ల కర్మాగారము కూడ తెరువబడెను. మావారు ఆ చిన్న లారీల కాలమునుండి పనిచేసి విరమించినవారు. నట్టు బిగించిన చప్పుడు విని అది సరిగా కూర్చున్నదో లేదో చెప్పగలరు. మనుష్యుల మాటలు మాత్రము అంత శ్రద్ధగా వినరు.

మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగము చేయుచు శని ఆదివారములకు ఇంటికి వచ్చుచుండును. వాడు నాలుగేండ్లు జీతము మిగిల్చి, జర్మనీలో చేసిన రెండాసనముల పాత పందెపు తరహా కారు నొకదానిని కొనెను. ఏండ్లు గడచుటచే దాని షాకబ్సార్బర్లు నూనె కారుచుండెను. వానికి మారుగా కాయిలోవర్లను విదేశమునుండి తెప్పించి వేయించెదనని, వెల దాదాపు రెండు లక్షలని చెప్పెను. అప్పుడు మా వెనుకగది వానకు కురియుచుండెను. “ఇంటి కప్పు కారుచుండగా కారుకు సొమ్ములా?” అని మావారు కంచము ముందునుండి లేచిపోయిరి. అబ్బాయి తెప్పించనే తెప్పించెను.

ఈ కాయిలోవరన నేమో మొదట చెప్పవలెను. స్ప్రింగు బరువును మోయును. ఎంత బరువు వేసిన నంత క్రుంగునను సూత్రమును ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. కాని గుంటలో పడి లేచిన స్ప్రింగు మన ఉయ్యాలవలెనే ఊగుచుండును. దానిని పట్టి ఆపు చేయి షాకబ్సార్బరు. అందులో నొక ముషలకము నూనెలో కదలుచు, సన్నని రంధ్రములగుండ నూనెను నెట్టుచు, ఊపును వేడిగా మార్చి అణచివేయును. జట్కాబండికి కమాను పట్టీలే గాని యీ చేయి లేదు. పట్టీలు ఒకదానితో నొకటి రాచుకొనుటయే దానికి దిక్కు. ఈ రెంటిని ఒకే కడ్డీగా కూర్చి చక్రమును నిలువబెట్టు పద్ధతికి అమెరికా దేశపు ఇంజనీరు మాక్‌ఫర్సన్ 1947లో పేటెంటు కోరెను. 1950లో ఇంగ్లండులోని ఫోర్డు వారు కాన్సల్, జెఫర్ అను కార్లలో దానిని చూపిరి. అబ్బాయి తెప్పించినవి ఆ జాతివే. కాని వీనికి గొట్టముపై మరలు చెక్కి యుండును. ఆ మరలపై కడియములను త్రిప్పి కారు ఎత్తును, తలపై నున్న బొత్తామును త్రిప్పి నూనె బిగువును మార్చుకొనవచ్చును.

మార్చుకొనవచ్చుననుటయే మాకు ముప్పు తెచ్చెను. పట్టణములో వానిని బిగించినవారు కారును 40 మిల్లీమీటర్లు నేలకు దించి, బొత్తాములను చివరివరకు బిగించి ఇచ్చిరి. చూచుటకు చిరుతపులి పొంచియున్నట్లే యుండెను. అబ్బాయి మురిసిపోయెను.

కార్తీక సోమవారమున తండ్రీకొడుకులు ఝరాసంగము కేతకీ సంగమేశ్వరస్వామి దర్శనమునకు ఆ కారులోనే పోయిరి. తిరిగి వచ్చునప్పుడు అతుకులు వేసిన మలుపులో కారు గుఱ్ఱపుపిల్లవలె ఎగిరి ప్రక్కకు జరిగెనట. ఎదుట చెరకు ట్రాక్టరు. మధ్య ఎంత సందు మిగిలెనో యిద్దరును మాకు నేటివరకు చెప్పలేదు. ఇంటికి వచ్చి మావారు కాళ్లు కడుగుకొని, ప్రసాదము మా చేతి కిచ్చి, మాటలాడక పరుండిరి. అబ్బాయి ముఖమున నెత్తురు లేదు. కేకలు వేసినను బాగుండెడిది. మూడు వారములు ఆ యింట ఇద్దరు మగవారి మధ్య మాటలు మేమే అటునిటు మోసితిమి.

నాలుగవ శనివారము రాత్రి వసారాలో వెలుతురు కనబడి పోయి చూడగా, మావారు చేతిదీపముతో కారు క్రింద తల పెట్టి యుండిరి. మమ్ము చూచి, “వాడిని లేపు” అనిరి. వాడు లేచియే యుండెను.

తప్పెక్కడనో ఆయన కనిపెట్టిరి. కారు దించుటకు రెండు మార్గములు కలవట. గొట్టము అడుగు భాగమును మరలో త్రిప్పి మొత్తము పొడవు తగ్గించుట యొకటి. స్ప్రింగు క్రింది కడియమును జార్చుట రెండవది. బిగించినవారు సులువైన రెండవదానినే చేసిరి. అందుచే ముషలకమునకు క్రిందికి పోవు చోటు తరిగి, చిన్న గుంటకే అడుగున నున్న రబ్బరు దిమ్మకు తగులుచుండెను. తగిలిన క్షణమున స్ప్రింగు స్ప్రింగు కాదు, రోకలి. చక్రము నేలను విడుచును. నేలను విడిచిన చక్రమునకు స్టీరింగుతో ఏమి చెప్పినను వినదు.

మరునాడు ఆదివారము. జాకీ మీద మాత్రమే నమ్మక ముంచక, నాలుగు ప్రక్కల ఇనుప స్టాండ్లు నిలిపి చక్రము లూడదీసిరి. మేము కాఫీ తెచ్చితిమి. స్ప్రింగు నడినెత్తి నట్టును ముట్టబోయిన అబ్బాయి చేయి మావారు గట్టిగా పట్టుకొనిరి. నొక్కిపెట్టు పరికరము లేక ఆ నట్టు విప్పినచో స్ప్రింగు తుపాకి గుండువలె లేచును. ప్రాణములు పోవును. నెల దినములకు తరువాత తండ్రి చేయి వాని చేతిపై పడుట అదే మొదలు.

కడియమును స్ప్రింగు వదులుగా ఆడకుండునంతవరకు పైకి తెచ్చి, ఎత్తును అడుగు గొట్టముతో సరిచేసిరి. కారు మొదటి ఎత్తుకంటె 15 మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ. చక్రము నడిబొడ్డునుండి పై అంచువరకు నాలుగు మూలల కొలతలను మేము మా పాలలెక్కల పుస్తకములో వ్రాసితిమి. రబ్బరు బుష్షుల బోల్టులను చక్రములు నేలపై ఆనిన పిమ్మటనే బిగించిరి. గాలిలో వ్రేలాడునప్పుడు బిగించినచో రబ్బరు ఎల్లప్పుడు మెలిపడియుండి త్వరలో చినుగునట. ఎత్తు మారిన చక్రముల వాలును మారును గావున, మరుసటి శనివారము అలైన్‌మెంటు చేయించిరి.

ఇక శ్రుతి చేయుట మిగిలెను. బొత్తామునకు 20 టిక్కులు. అబ్బాయికి బిగువు కావలెను, మావారికి మెత్తన కావలెను. రెండే ఆసనములు గనుక ఇద్దరు నెక్కి వాదించుకొనినచో మూడవ మనిషికి చోటు లేదు. “అమ్మా, నువ్వు కూసో. నీ నడుమే చెప్తది” అని అబ్బాయి మమ్మెక్కించెను. అంత నేలకు దగ్గరగా నెన్నడును కూర్చుండలేదు. చీర కుచ్చెళ్లు సర్దుకొనుటకే చాలసేపు పట్టెను.

అదే ఝరాసంగము త్రోవ, అదే 40 కిలోమీటర్ల వేగము. తెల్లవారుజామున చక్రములు చల్లగా నుండగానే గాలి కొలిచి, ఒకమారు ముందు చక్రముల బిగువును, మరియొకమారు వెనుకవానిని, రెండేసి టిక్కులు మాత్రమే మార్చెను. రెండును ఒకేసారి మార్చినచో ఏది మేలు చేసెనో తెలియదు. పులుసులో ఉప్పును, చింతపండును ఒక్కమారే వేసి రుచి చూచినట్లగును. అన్నియు వదులుగా నుండగా గుంట దాటిన తరువాత కారు రెండు మూడుమార్లు తేలెను. మాకు కడుపులో త్రిప్పెను. మెత్తన సుఖమనుకొనుట పొరబాటని అప్పుడే తెలిసెను. 14 టిక్కులకు పోగా చిన్న కంకరరాయి సైతము పండ్లలో పలికెను. ఎట్లున్నదో వ్రాయుమని కొడుకు అడుగుచుండ, మేము కారు పోవుచుండగనే వ్రాసితిమి. ఇంటికి వచ్చి మావారు మా వ్రాతలను చదువలేదు, అక్షరములను చూచిరి. వదులుగా నున్నప్పటి పంక్తులు అలలవలె వంగినవి. బిగువున్నప్పటివి ముక్కలుముక్కలుగా విరిగినవి. ముందు 9, వెనుక 7 అను చోట మాత్రము ‘పాలు ఒకటిన్నర లీటరు’ అని మేము ఇంట కూర్చుండి వ్రాసినదానితో సమానముగా నుండెను.

“ఇక్కడ ఆపుమని వానికి చెప్పు” అనిరి మావారు. వాడు ప్రక్కనే నిలిచియుండెను. “నీవే చెప్పరాదా?” అని మేము లోపలికి పోతిమి.

ఒక మాట చెప్పి ముగింతుము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారుచేసినవారి నిర్ణయమునకు భిన్నముగా బండిని మార్చుట కూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టువారును దీనిని నొక్కి చెప్పిరి. బిగించినవా రెవ్వరును ఈ సంగతి మాకు చెప్పలేదు. మావారు భీమా సంస్థకును, రవాణా కార్యాలయమునకును మార్పులన్నియు వ్రాతమూలకముగా తెలిపిరి. వారు వలదన్నచో తిరిగి వేయుటకు పాత స్ప్రింగులను గోనెసంచిలో చుట్టి అటక మీద ఉంచితిమి. అటక వెనుకగదిలోనిదే. దాని కప్పును అబ్బాయి సంక్రాంతికి ముందే బాగుచేయించెను.

కొత్త స్ప్రింగులు కొంతదూరము నడచిన పిదప కొంచెము క్రుంగునట. వేయి కిలోమీటర్లకు మరల కొలువవలెనని పుస్తకములో నొక పుట విడిచితిమి. పోయిన సోమవారము అబ్బాయి ఝరాసంగమునకు బయలుదేరుచుండగా మావారు తామే పోయి ప్రక్క ఆసనమున కూర్చుండి, తలుపు వేసికొనబోవుచు, “పుస్తకమేది?” అని మమ్మడిగిరి.