తురాయి చెట్టూ, దాని కింది పాచీ

వేసవిలో సికింద్రాబాద్ వచ్చారా? అయితే మారేడుపల్లి నుంచి బొలారం దాకా ఒకసారి తిరిగి చూడండి. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ దండు ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో ఎటు చూసినా ఎర్రటి తురాయి పూలే! పిల్లలు వాటి కేసరాలతో కోడిపందాలు కూడా ఆడేస్తారు. మన చెట్టే అనిపిస్తుంది గానీ, దాని పుట్టిల్లు మడగాస్కర్ దీవి.

తురాయిని అందరూ తలెత్తి చూస్తారు. మరి వానలు పడ్డాక తల దించి చూశారా? గోడ నీడన, పంపు దగ్గర తడిమట్టి మీద, ఒక్కోసారి మీ పూలకుండీలోనే రూపాయి బిళ్ళంత పచ్చటి చక్రాలు కనిపిస్తాయి. పాచే కదా అని చీపురందుకోకండి! అది రిక్సియా కావచ్చు. లివర్‌వర్ట్ అనే రకం మొక్క. ఇలాంటి మొక్కల ఆకారం కాలేయంలా ఉందని పూర్వం ఐరోపా వాళ్ళు ఆ పేరు పెట్టారు.

తురాయికి వేళ్ళు, మాను, పూలు, మూరెడు కాయలు అన్నీ ఉన్నాయి. రిక్సియాకి ఇవేవీ లేవు. నేలకతుక్కున్న రేకు, దాని కింద నూలుపోగుల్లాంటి తంతువులు, అంతే! గింజలకి బదులు పొడిలాంటి సిద్ధబీజాలు రేకులోనే తయారై, అది కుళ్ళాక మట్టిలో కలుస్తాయి.

వంశం చూస్తే మాత్రం చిన్నదే పెద్దమ్మ. లివర్‌వర్ట్‌లను పోలిన మొక్కల సిద్ధబీజాలు అర్జెంటీనాలో దాదాపు 47 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో దొరికాయి. పూలమొక్కల శిలాజాలేమో సుమారు 13 కోట్ల ఏళ్ళవి.

ఎండల్ని తురాయి ఆకు రాల్చి, పూలు పూసి గడిపేస్తుంది. రిక్సియా అంచులు ముడుచుకుని, నల్లగా ఎండి, చచ్చినట్టు పడి ఉంటుంది. చినుకు పడగానే మళ్ళీ పచ్చబడుతుంది!

ఇంత గట్టి ప్రాణాలకీ సిమెంటుతోనే చిక్కు. కడుక్కోవడం సులువని వాకిలంతా గచ్చు చేయిస్తే చెట్టు వేళ్ళకి నీరందదు, రిక్సియాకి చోటే ఉండదు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమంది. మన ఇంటికి ఎవరి ఆదేశమూ అక్కర్లేదు కదండీ! గచ్చు మీద జారే పాచిని తప్పక రుద్దెయ్యండి. మట్టి మీది దాన్ని వదిలెయ్యండి. చెట్టు మొదట్లో చుట్టూ గజం మేర మట్టి వదలమని మేస్త్రీకి ముందే చెప్పండి.

ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి అమ్మవారి బోనాలు వచ్చేసరికి, ఆ మట్టిలో పచ్చ చక్రాలు వెతికి పిల్లలకి చూపించండి.