మిదీ కాలువ గట్టున, చెట్ల నీడన

సైకిలుపై దూరప్రయాణం చేసేవారిని ప్రధానంగా అలసటకు గురిచేసేవి రెండు: ఎత్తుపల్లాలు, ఎండ. దక్షిణ ఫ్రాన్స్‌లోని మిదీ కాలువ గట్టు ఈ రెండింటి నుండీ ప్రయాణికుణ్ణి చాలావరకు కాపాడుతుంది. నీటి వెంబడి సాగే బాట కనుక మెరక తక్కువ. కాశ్మీరు చినార్‌కు దగ్గరి బంధువులైన ప్లేన్ వృక్షాలు మిగిలి ఉన్నచోట్ల వరుసగా నిలిచి నీడనిస్తాయి. తూలూజ్ నగరం నుండి మధ్యధరా తీరం వరకు ఈ కాలువ పొడవు 240 కిలోమీటర్లు. రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున, నచ్చిన చోట ఆగుతూ వెళితే వారం రోజుల విహారం.

పూర్వం ఫ్రాన్స్ పడమటి తీరం నుండి దక్షిణ తీరానికి సరుకులు చేరాలంటే ఓడలు స్పెయిన్‌ను చుట్టి, తారిఖ్ బిన్ జియాద్ పేరు మోస్తున్న జిబ్రాల్టర్ జలసంధి గుండా రావలసి వచ్చేది. ఈ ప్రయాసను తప్పించడానికి పియేర్ పాల్ రికే అనే ఉప్పు పన్ను అధికారి కాలువను ప్రతిపాదించాడు. 1666లో రాజు పద్నాలుగవ లూయీ అనుమతించాడు. అసలు చిక్కు తవ్వకంలో లేదు, నీటిలో ఉంది. మార్గమధ్యంలోని నొరూజ్ మెట్ట అన్నింటికంటే ఎత్తైన చోటు. అక్కడ కురిసిన వాన ఒకవైపు అట్లాంటిక్‌కు, మరోవైపు మధ్యధరాకు పోతుంది. ఆ శిఖరం మీదికి నీరెలా తేవాలి? నల్లకొండలుగా పిలిచే పర్వతాలలోని వాగులను సెంఫెరియోల్ జలాశయంలో నిలిపి, పిల్లకాలువల ద్వారా నొరూజ్‌కు మళ్ళించడమే రికే కనుగొన్న పరిష్కారం. తూలూజ్ నుండి సైకిలుపై రెండవ రోజుకల్లా ఆ స్థలాన్ని తీరికగా చూడవచ్చు.

పని ముమ్మరంగా సాగిన రోజుల్లో దాదాపు 12,000 మంది శ్రమించారు. వారిలో స్త్రీలూ ఉన్నారు. వానపడి పని ఆగిన రోజులకూ, జబ్బుపడిన రోజులకూ రికే కూలి చెల్లించాడు. ఆ కాలంలో ఇది అరుదైన విషయం. తన సొంత ఆస్తిని సైతం ఇందులో పెట్టి అప్పులపాలయ్యాడు. 1680లో ఆయన కన్నుమూశాడు. మరుసటి ఏడాది కాలువ ప్రారంభమైంది.

కృష్ణా, గోదావరి డెల్టాలలో లాకులను చూసినవారికి ఇక్కడి లాకులు వెంటనే అర్థమవుతాయి. అయితే వీటి గోడలు తిన్నగా కాక, కోడిగుడ్డు ఆకారంలో వంపు తిరిగి ఉంటాయి. తొలుత తిన్నగా కట్టిన గోడ మట్టి ఒత్తిడికి కూలిపోవడంతో ఈ ఆకారాన్ని ఎంచుకున్నారు.

ముందుకు సాగితే కార్కసోన్ కోట కనిపిస్తుంది. రెండు ప్రాకారాలు, 52 బురుజులతో అది ఠీవిగా నిలిచి ఉంది. ఈ పట్టణ పెద్దలు నిర్మాణ వ్యయంలో తమ వాటా ఇవ్వడానికి నిరాకరించడంతో కాలువ ఊరికి దూరంగా సాగిపోయింది. దాన్ని తమ వైపు మళ్ళించుకునే సరికి 1810 వచ్చింది.

ఆ తర్వాత ఒక పాయ నార్బోన్ పట్టణానికి చీలుతుంది. అరబ్బులు దీనిని అర్బూనా అని పిలిచారు. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ నియమించిన అందలూసియా పాలకుడు సమ్హ్ బిన్ మాలిక్ 719 ప్రాంతంలో ఈ పట్టణాన్ని జయించాడు. 721లో తూలూజ్ చెంత జరిగిన యుద్ధంలో ఆయన మరణించాడు. పట్టణం మాత్రం 759 వరకు ముస్లిముల ఏలుబడిలోనే ఉంది. మన ప్రయాణం మొదలైన తూలూజ్ ఆయన చివరి మజిలీ అన్నమాట.

సముద్రం దగ్గరపడే కొద్దీ రెండు అద్భుతాలు ఎదురవుతాయి. మాల్పా వద్ద కొండను తొలిచిన 165 మీటర్ల సొరంగం గుండా పడవలు వెళ్తాయి. బెజియే పట్టణం చెంత ఫోన్సెరాన్ లాకులు మెట్లవలె వరుసగా పడవలను 21 మీటర్లకు పైగా దించుతాయి. బెజియే రికే జన్మస్థలం.

భోజనం విషయంలో జాగ్రత్త అవసరం. ఈ ప్రాంతపు ప్రసిద్ధ వంటకం ‘కాసులే’లో సాధారణంగా పందిమాంసం ఉంటుంది. తూలూజ్‌లో ఉత్తరాఫ్రికా ముస్లిముల హలాల్ దుకాణాలున్నాయి. పల్లెల్లో రొట్టె, ఆలివ్ కాయలు, పండ్లు, గుడ్లతో సరిపెట్టుకోవచ్చు. తూలూజ్ నుండి సుమారు 50 కిలోమీటర్ల వరకు బాట నున్నగా ఉంటుంది. తర్వాత మట్టిదారి, వేళ్ళు పొడుచుకు వచ్చిన చోట్లు ఉంటాయి. కనుక వెడల్పు టైర్ల సైకిలు మేలు.

చాలాచోట్ల హఠాత్తుగా నీడ మాయమవుతుంది. ఒకప్పుడు దాదాపు 42,000 ప్లేన్ చెట్లుండిన ఈ గట్టున 2006లో ఒక శిలీంధ్ర వ్యాధి బయటపడింది. సోకిన చెట్టుకు చికిత్స లేదు. నరికి కాల్చివేయవలసిందే. అలా వేలాది మహావృక్షాలు నేలకొరిగాయి. వాటి స్థానంలో ఈసారి ఒకే జాతి కాక, పలు జాతుల మొక్కలను నాటుతున్నారు. ఆ మొక్కలు బాటంతటికీ నీడ పరచడానికి దశాబ్దాలు పడుతుంది.

పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళేవారు కోటలతోపాటు ఆ లేత మొక్కలనూ వారికి చూపించాలి. తాను తలపెట్టిన కాలువ నిండుగా పారగా చూసే భాగ్యం రికేకు దక్కలేదు. పాత చెట్లను నాటినవారిలో ఎందరో వాటి నిండు నీడలో కూర్చోలేదు. నేడు గునపం పట్టినవారు కూడా ఆ ఆశ పెట్టుకోలేదు. అయినా గుంత తవ్వుతున్నారు, నీరు పోస్తున్నారు.