గట్టిగా పట్టుకోమే

ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు, మా నెల్లూరు మెట్టలో ఆటోలెక్కినా మోటారుసైకిలెక్కినా చంటిబిడ్డతో ఉన్న ఆడమనిషికి ఒక మాట తప్పదు: "బిడ్డను గట్టిగా పట్టుకోమే." డ్రైవరు అంటాడు, మొగుడంటాడు, ఎదురు సీట్లో ముసలవ్వ అంటుంది. ఎవరన్నా ప్రేమతోనే అంటారు. కానీ బ్రేకు పడి బిడ్డకు దెబ్బ తగిలిన రోజున అదే మాట "గట్టిగా పట్టుకోలేదా?" అని నిలదీస్తుంది. నువ్వెంత వేగంగా తోలావని తోలినవాణ్ణి అడిగేవాళ్ళు తక్కువ.

అసలు చేతులు ఎంత పట్టుకోగలవు? నేను చెప్పేది తెలుగు పాఠాలు కాబట్టి మా కాలేజీ ఫిజిక్స్ మేడంతో లెక్క వేయించాను. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి దేన్నో గుద్దుకుని సెకనులో పదోవంతులో ఆగిపోతే, 10 కిలోల బిడ్డను ఆపడానికి దాదాపు 110 కిలోలు మోసేంత బలం కావాలి. అదీ రెప్పపాటులో. తల్లి సంగతి అలా ఉంచి, పహిల్వాను వల్ల కూడా అయ్యే పని కాదు. పైగా మావైపు ఆడవాళ్ళు చీరకట్టుతో పక్కకు తిరిగి కూర్చుంటారు. ఒక చేతిలో బిడ్డ, ఇంకో చేత్తో సీటు కడ్డీ, భుజాన సంచి, కొంగు చక్రంలో పడకుండా నడుముకు దోపుకోవడం. అమ్మ ఒడిని మించిన రక్ష లేదని చెప్పేవాళ్ళు ఆ ఒడిని బండి మీద చూసి మాట్లాడాలి.

ఈ నమ్మకం మనదొక్కటే కాదు. అమెరికాలో పిల్లల సీట్లు తప్పనిసరి చేస్తూ తొలి చట్టం టెనెసీ రాష్ట్రంలో వచ్చింది, 1978 జనవరి 1 నుంచి అమలైంది. పిల్లల డాక్టరు రాబర్ట్ శాండర్స్, ఆయన భార్య పాట్ శాండర్స్ ఇద్దరూ శాసనసభ్యుల వెంటపడి సాధించారు. అయినా అందులో ఒక సందు మిగిలింది: పెద్దవాళ్ళు ఒళ్ళో పెట్టుకుంటే సీటు అక్కర్లేదట! ఆ మినహాయింపు 1981లో గానీ పోలేదు.

మన దగ్గర 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి 194-బి వచ్చింది. 14 ఏళ్ళలోపు పిల్లలకు సీటుబెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. కారున్న ఇంటికి సరే. మోటారుసైకిలు సంగతి 2023 ఫిబ్రవరి 15న అమల్లోకొచ్చిన నిబంధనలో ఉంది. నాలుగేళ్ళలోపు బిడ్డను పట్టీలతో బండి నడిపేవారికి కట్టాలి, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ పెట్టాలి, వేగం 40 దాటకూడదు. ఆ పట్టీలు తగిలించుకోవాల్సింది నడిపేవారి భుజాలకు. నాకు బాగా నచ్చింది ఇదే. బిడ్డను మోయడం తండ్రి పని అని ఒక ప్రభుత్వ నిబంధన, బహుశా తనకే తెలియకుండా, రాసేసింది.

అయితే బండి మీద ఇద్దరికి మించి ఎక్కకూడదన్న సెక్షన్ కూడా ఉంది. పిల్లల్ని మూడోవారిగా ఎక్కించుకోనివ్వమని 2023లో కేరళ అడిగితే కేంద్రం ఒప్పుకోలేదు. అంటే ఒకరు దిగాలి. ఎవరు దిగుతారో చెప్పనక్కర్లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు, మంచిదే. కానీ కొండవార పల్లెలకు బస్సెప్పుడొస్తుందో చెప్పేదెవరు?

ఆత్మకూరు బజార్లో హెల్మెట్లమ్మే అంగట్లో ఆ పట్టీల కోసం అడిగితే స్కూలు బ్యాగు చూపించారు. ఉదయగిరి దగ్గర కాపురముంటున్న మా అక్క కూతురు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది. మొగుడు మొదట్లో ఊరు దాటిందాకా కట్టుకునేవాడు కాదు, నలుగురూ నవ్వుతారని. ఇప్పుడు వాకిట్లోనే కట్టుకుంటున్నాడు. టీకా రోజున తండ్రీ బిడ్డా బండి మీద ముందు చేరతారు, ఇది బస్సు దిగి నడిచి వెళ్తుంది. వెళ్ళేసరికి అక్కడి నర్సమ్మ అతన్ని అడుగుతూ ఉందట, "బిడ్డను నీకు తగిలించి తల్లి యాడికి పోయిందయ్యా?" అని.