పదడుగుల గది

మా అమ్మకు ఎనభై రెండేళ్ళు. తిరుపతిలో నా ఇంట్లో వుండమంటే వుండదు. మదనపల్లె దారిలో భాకరాపేట కనుమ దాటాక, కొండ పక్కన మాకు నాలుగెకరాల మామిడితోట వుంది. ఆవిడ కాపురం అక్కడే. "చెట్లను ఇడిసిపెట్టి నేను యాడికీ రాను నాయనా, నువ్వే ఆదివారానికొకసారి వచ్చిపో" అని ఒకటే మాట. తోటకు కరెంటు రావాలంటే అడవి అంచు వెంబడి బోలెడు స్తంభాలు నాటాలి. వాటి ఖర్చు విన్నాక నేను ఆ ప్రసక్తి మళ్ళీ ఎత్తలేదు.

2023 మే నెలలో ఒక మధ్యాహ్నం తోట కాపలా వాడు ఫోను చేశాడు. రేకుల గదిలో అమ్మ స్పృహ తప్పి పడివుందట. వడదెబ్బ. పీలేరు తీసుకుపోయి సెలైను ఎక్కించిన తర్వాత కళ్ళు తెరిచి, "మజ్జిగకుండ మీద మూత పెట్టినారా?" అని అడిగింది. తిరుపతికి పోదామంటే యథాప్రకారం తల అడ్డంగా తిప్పింది. ఇక చేయగలిగింది ఒకటే, ఆ గదినే చల్లబరచడం. అదీ సూర్యుడి చేతనే చేయించాలి.

సోలారు పలకలు అమ్మే ఒక పెద్దమనిషి వచ్చి, గది కొలిచి, ఒకటిన్నర టన్నుల ఏసీ, ఎనిమిది బ్యాటరీలు, పైకప్పునిండా పలకలు అని లెక్క వేశాడు. ఆ కాగితం చూస్తే నాకే సెలైను కావలసివచ్చింది. టన్ను అంటే యంత్రం బరువని నేనూ అనుకునేవాణ్ణి. కాదట. వెనక మంచుగడ్డలతో చల్లబరచే రోజుల్లో, ఒక టన్ను మంచు ఇరవై నాలుగు గంటల్లో కరిగి ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత పని చేసే యంత్రం టన్ను ఏసీ. అంటే ఆ పెద్దమనిషి మా అమ్మకోసం రోజుకు టన్నున్నర మంచు కరిగించమంటున్నాడన్నమాట.

నాతో కలిసి పనిచేసిన ఫిజిక్సు అయ్యవారు ఒకరున్నారు. ఆయన కాగితం చూసి నవ్వి, "ఓటికుండలో నీళ్ళు పోస్తారెందుకు? ముందు కన్నాలు పూడ్చండి" అన్నారు.

కన్నాలు పూడ్చడమంటే వేడి చొరబడే దారులు మూయడం. చంద్రగిరి రాజమహలులో నడివేసవిలో నిలబడి చూసినవారికి యీ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఆ మందపాటి గోడలు పగటి వేడిని అంత త్వరగా లోపలికి రానివ్వవు. మన రాయలసీమ మట్టిమిద్దెలదీ అదే విద్య. వాటిని పడగొట్టి రేకులు కప్పుకున్నది మనమే; మా నాన్న కట్టిన మిద్దె కారుతున్నదని రేకులు వేయించినది సాక్షాత్తూ నేనే.

ఇప్పుడు రాజమహలు గోడలు లేపలేం గనుక థెర్మోకోలు పలకలు తెచ్చాం. వేడిని ఆపడంలో నాలుగంగుళాల థెర్మోకోలు ఇంచుమించు ఆరేడు అడుగుల ఇటుకగోడకు సాటి. కప్పు కింద నాలుగంగుళాలు, గోడలకు రెండంగుళాలు బిగించి, దానిమీద సిమెంటు పలకలు కొట్టించాను. ఆ పదార్థం నిప్పుకు భగ్గున అంటుకుంటుంది. పైగా ఎలుకలకు, చీమలకు అది పుట్టింటి సొమ్ము. రేకులమీద తెల్లసున్నం కొట్టించి, సోలారు పలకలను రేకులకు ఒకటిన్నర అడుగు ఎత్తున నిలబెట్టాం. అవి కరెంటూ ఇస్తాయి, కప్పుకు గొడుగూ పడతాయి. కింద గాలి ఆడటం వాటికీ మంచిదే. ఎండ కాస్తేనే బ్రతికే యీ పలకలకు వేడంటే మాత్రం గిట్టదు. ఇరవై అయిదు డిగ్రీలు దాటిన కొద్దీ ఒక్కొక్క డిగ్రీకి నూటికి అరపాలుకు కాస్త తక్కువగా కరెంటు తగ్గిస్తాయి. మే మధ్యాహ్నం పలక అరవై అయిదుకు చేరిందంటే, ఆరో వంతు పని ఎగ్గొట్టినట్టే. మన ఊళ్ళో మనుషులు మాత్రం అంతకంటే ఏం ఉద్ధరిస్తున్నారు లెండి, మే మధ్యాహ్నాల్లో!

ఇదంతా అయ్యాక ముప్పాతిక టన్ను ఏసీ సరిపోయింది. అయిదువందల వాట్ల పలకలు నాలుగు, బ్యాటరీలు రెండే. గది ఒకసారి చల్లబడ్డాక ఆ ఏసీ మూడు నాలుగు వందల వాట్లతో నడిచిపోతుంది. పలకలనుంచి మంచి ఎండరోజున ఎనిమిది యూనిట్ల దాకా వస్తాయి. మరుసటి వేసవిలో మా అమ్మ గదిలోకి అడుగుపెట్టి, "ఏందిరా ఇది, ఐస్‌క్రీము పెట్టె మాదిరి వుండాదే!" అన్నది. అని, మధ్యాహ్నం మూడు గంటలు హాయిగా నిద్రపోయింది.

అక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. వేసవిలో సూర్యుడు మనకు ఎంత అనుకూలుడో అప్పుడు తెలియలేదు. చల్లదనం కావలసిన గంటలోనే ఎండా వుంటుంది. పుట్టిన కరెంటు పుట్టినట్టే ఖర్చవుతుంది, దాచే బాధ తక్కువ. వేడితో అలా కాదు. ఎండను నేరుగా వేడిగా వాడుకోవడం నిజానికి సులువే. తిరుమలలో 2002లో అద్దాల పళ్ళాలు పెట్టి, ఎండతో ఆవిరి పుట్టించి, వేలమంది భక్తులకు వంట చేసే ఏర్పాటు చేశారు. అయితే అన్నం పగలు వండుకోవచ్చు. చలి మాత్రం రాత్రి వేస్తుంది. పైగా మనకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే నాలుగు రోజులు సూర్యదర్శనం వుండదు. చలి ముదిరే వేళకు బ్యాటరీలు నీరసించి వుంటాయి.

వేడినీ ఇచ్చే ఏసీ కొనివుంటే, ఒక యూనిటు కరెంటుతో దాదాపు మూడు యూనిట్ల వేడి వచ్చేది. నాలుగువేలు మిగులుతాయని నేను కొనలేదు. బదులుగా వెయ్యి వాట్ల హీటరు ఒకటి తెచ్చిపెట్టాను. బ్యాటరీలలో వాడుకోదగినది రెండు యూనిట్లకు లోపే. రెండు గంటలు తిరక్కుండా హీటరు ఆరిపోయింది, దానితోబాటు ఫ్యాను, దీపం కూడా.

అమ్మ నాతో ఏమీ అనలేదు. డిసెంబరులో ఒక రాత్రి కుంపటిలో బొగ్గులు రాజేసి, గదిలో మంచం పక్కన పెట్టుకుని, తలుపు వేసుకున్నది. పాత మిద్దెలో నలభై యేళ్ళు అలాగే చేసింది మరి. ఆ మిద్దెకు గవాక్షం వుండేది, తలుపుల సందుల్లోంచి గాలి ఈలవేస్తూ తిరిగేది. నేను కట్టిన గదిలో చీమ దూరే సందు లేదు. తలుపుకు రబ్బరు పట్టీ కూడా నా చేతులతోనే అంటించాను.

తెల్లవారుజామున కాపలావాడు పాలు పిండి తలుపు తట్టితే పలకలేదట. గడియ వేయకపోవడం మా అదృష్టం. బయటికి ఎత్తుకొచ్చి వేపచెట్టు కింద పడుకోబెట్టాడు. వాంతి చేసుకుని, తల పగిలిపోతున్నదని మూలిగింది. బొగ్గు నిప్పునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది, లేవమన్నా అంత త్వరగా లేవదు. ఆసుపత్రిలో ఆక్సిజను పెట్టారు. సాయంత్రానికి మాట తేటపడింది. డాక్టరు నన్ను బయటికి పిలిచి, గది ఎవరు కట్టించారని అడిగాడు. చెప్పాను.

మరునాడే గోడకు కింద ఒకటి, పైన ఒకటి, జానెడేసి కన్నాలు కొట్టించాను. చల్లదనం కొంత పోతుంది, పోనీ. దక్షిణపు గోడకు పెద్ద అద్దాల కిటికీ పెట్టించాను. ఏప్రిల్ చివర మన తిరుపతిలో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వుంటాడు. చిన్న చూరు వుంటే చాలు, ఆ కిటికీలోకి రాడు. డిసెంబరులో దక్షిణానికి వాలి, నట్టింటిదాకా వస్తాడు. ఆ ఎండ పడేచోట కడపరాళ్ళు పరిపించాను. పగలు కాగిన రాళ్ళు పొద్దుపోయేదాకా వెచ్చగా వుంటాయి. దానికి ఉన్ని కంబళి, రబ్బరు సంచీలో వేడినీళ్ళు. అంతే. నిద్రపోయే మనిషి ఒంటినుంచే డెబ్బై వాట్ల దాకా వేడి వస్తుందట; ఇంత చిన్న గదిలో అదీ లెక్కే. కుంపటి వసారాలోకి మారింది.

మొన్న ఆదివారం వెళ్ళి చూద్దును గదా, రెండు కన్నాల్లోనూ పాత చీర పేలికలు కుక్కివున్నాయి.

"చలిగాలి వస్తావుంటే ఏం చేసేది?" అన్నది అమ్మ.

పేలికలు లాగేశాను. మళ్ళీ వారానికి మళ్ళీ వున్నాయి. ఇప్పుడు రెండింటికీ బయటా లోపలా ఇనుప జాలీ బిగించి, మరలు ఊడదీయడానికి వీల్లేకుండా తలలు అరగదీయించి వచ్చాను.