మందు ఉచితమే, పూట కాదు

ఆస్పత్రి పేరు రాయనని మాటిచ్చాకే పల్నాడులోని ఆ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్‌లోకి నన్ను రానిచ్చారు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం రోగుల వివరాలు బయటపెట్టనివ్వదు. సిబ్బంది అంతకంటే గట్టిగా ఉన్నారు. లోపల రెండు బెంచీలు, ఒక బరువు తూచే మిషను, మందులిచ్చే కిటికీ. కూర్చున్నవాళ్లలో ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు తక్కువ.

"ఈ ఊరివాళ్లు ఇక్కడికి రారు సార్. గుంటూరు పోతారు. గుంటూరు వాళ్లు కొందరు ఇక్కడికొస్తారు" అన్నాడు కేర్ కోఆర్డినేటర్. తెలిసినవాళ్ల కంటబడకుండా ఉండటానికి ఆ బస్సు ఛార్జీ. ఆయనా హెచ్‌ఐవీతో బతుకుతున్నవాడే. ఈ ఉద్యోగం అలాంటివాళ్లకే ఇస్తారు. మందు మానేసినవాళ్లకు ఫోన్ చేయడం ఆయన పని. ఎవరు ఎత్తినా ముందు "హాస్పిటల్ నుంచి" అనడు, పేరొక్కటే చెబుతాడు.

దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి విడత ఆరు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పట్లో రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు బాగా పడిపోతే గానీ మందు మొదలుపెట్టేవారు కాదు. 2017 నుంచి పరీక్షలో తేలితే చాలు. ఇప్పుడు చాలామందికి రోజుకొక్క మాత్ర: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులోనే. ఇంత సులువైన మందును మనిషెందుకు వదిలేస్తాడు?

కౌన్సెలర్ గదిలో దానికి కొంత జవాబు దొరికింది. మిర్చి కోతలకు కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒకామె డబ్బా బల్లమీద పెట్టింది. లెక్కిస్తే మాత్రలు మిగిలాయి.

"మర్చిపోయావా అమ్మా?"

"మర్చిపోలా మేడమ్. గుడారంలో అంతమంది ముందర డబ్బా ఎట్ల తీసేది? గలగల అంటాది."

కౌన్సెలర్ మందలించలేదు. డబ్బాలో దూది కుక్కి చూపించింది. మాత్రలు కాగితంలో పొట్లం కట్టుకోవద్దంది, చెమ్మ తగిలితే పాడవుతాయి. రాత్రే వేసుకోవాలన్న పట్టు లేదు, తెల్లారి కాలకృత్యాలకు పోయేటప్పుడు వేసుకో, రోజూ అదే వేళకి అంది. ఆమె చికిత్స వివరాలుండే గ్రీన్ బుక్ చూసి, సొంత సెంటర్ కర్నూలు వైపే అయినా ఇక్కడే మందిప్పించింది. వలస కూలీకి ఈ ఒక్క వెసులుబాటు లేకపోతే కోతల కాలమంతా మందు ఆగినట్టే.

"మర్చిపోయావా" అన్న ప్రశ్నే నాకు నచ్చలేదు. అది తప్పును మనిషి బుర్రలో వెతుకుతుంది. ఆ రోజు నేను విన్నవాటిలో నిజమైన మతిమరుపు ఒకటీ అరే. మిగతావి పోయిన కూలీ, దాచాల్సిన డబ్బా, అనుమానించే అత్తగారు. కొన్ని ఎవరూ విడమరచి చెప్పనివి: ఐరన్, క్యాల్షియం, యాంటాసిడ్ మాత్రలు ఈ మందుతో కలిపి మింగితే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లకు పన్నెండు గంటల తేడాతో మరో డోలుటెగ్రావిర్ మాత్ర పడాలి.

తప్పు ఒక్కోసారి పైనుంచీ వస్తుంది. 2022లో మందుల కొరత వచ్చినప్పుడు ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) ఆఫీసు దగ్గర రోగులే నిరసనకు కూర్చున్నారు. నిలకడగా వాడమని ఏళ్లుగా చెప్పించుకున్నవాళ్లు వాళ్లు!

2025 ఆగస్టు 15 నుంచి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేకపోవడం ఈ సెంటర్లోనూ తెలుస్తోందన్నారు సిబ్బంది. మగవాళ్లకు ఆ ఊరట లేదు. కూలి పోవడం మాత్రం ఇద్దరికీ ఒకటే. రక్తంలో వైరస్ మోతాదు (వైరల్ లోడు) అదుపులో ఉండి, ఒంట్లో నలత లేనివాళ్లకు ఒకేసారి రెండు మూడు నెలల మందు ఇవ్వొచ్చు. దాంతో కొన్ని పూటలైనా మిగులుతాయి.

వచ్చేముందు డాక్టరుగారిని ఏం కావాలని అడిగాను. గోడమీది పోస్టర్ల వంక చూసి, అవి చాలన్నారు. "పొద్దున్నే ఏడింటికి కిటికీ తెరవడానికి ఇంకో ఫార్మసిస్టు కావాలి. ఇక్కడికొచ్చేవాళ్లు తొమ్మిదింటికి చేలో ఉండాల్సిన మనుషులు."