తొండి ఎక్కడ మొదలవుతుంది?

నిద్రపోతున్న వాళ్ల మీద దెబ్బ తీయడం ఏం ధర్మమని మనవాళ్లు అశ్వత్థామను తరతరాలుగా నిలదీస్తూనే ఉన్నారు. పోకెమాన్ ఆడేవాళ్లు అంతకాలం కాదుగానీ, పాతికేళ్లుగా అదే ప్రశ్న మీద తగువులాడుకుంటున్నారు. ప్రత్యర్థి జట్టులో ఒక జీవిని నిద్రపుచ్చితే అది ఎత్తుగడ. ఆరింటినీ వరసగా నిద్రపుచ్చి, అవి లేచేలోగా ఒక్కోదాన్నీ చావబాదితే అదీ ఎత్తుగడేనా, లేక తొండా?

తెలియనివారి కోసం రెండు ముక్కలు. 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో నింటెండో గేమ్ బాయ్ మీద మొదలైన ఈ ఆటలో అప్పట్లో 151 వింత జీవులుండేవి. ఇప్పుడవి వెయ్యి దాటాయి. ఒక్కో ఆటగాడు ఆరింటిని ఎంచుకుంటాడు. ఒక్కోదానికి నాలుగు విద్యలు నేర్పుతాడు. నీటి ముందు నిప్పు ఆగదు, మొక్క ముందు నీరు ఆగదు, నిప్పు ముందు మొక్క ఆగదు. ఇలాంటి వర్గాలు మొత్తం 18. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు తమ ఎత్తు వేస్తారు. తర్వాత రెండూ తెరమీద బయటపడతాయి. చదరంగంలో కాస్త పేకాట కలిపితే ఎలా ఉంటుందో ఇంచుమించు అలా ఉంటుంది. చూడటానికి పిల్లల బొమ్మలే. వాటి వెనక మాత్రం బోలెడన్ని లెక్కలు, లెక్కల చుట్టూ రూళ్లు, రూళ్ల చుట్టూ తగాదాలు.

నాకిప్పుడు 36 ఏళ్లు. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో హిందీ పోకెమాన్ వస్తుంటే, సగం అర్థంకాకపోయినా హోంవర్క్ పక్కన పడేసి కూర్చున్న గుంటూరు పిల్లల్లో నేనూ ఒకణ్ని. గేమ్ బాయ్ కొనే స్తోమత మా ఇంట్లో లేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. రాత్రి పదకొండు దాటాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఫోన్‌లో పోకెమాన్ షోడౌన్ తెరుస్తాను. 2011లో మొదలైన ఈ ఉచిత సాధనం పుణ్యమా అని గేమ్ పరికరం కొనకుండానే ప్రపంచంలో ఎవరితోనైనా తలపడొచ్చు. నా ర్యాంకు గురించి చెప్పుకోవడానికేమీ లేదు. కానీ ఆటకన్నా ఆట చుట్టూ జరిగే వాదన నన్ను ఎక్కువగా కట్టిపడేస్తుంది.

ఎందుకంటే ఆ వాదన నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. మా వీధి క్రికెట్‌లో బంతి నేరుగా ప్రహరీగోడ దాటితే సిక్సర్ కాదు, అవుట్. లండన్‌లో రాసిన ఏ రూల్ పుస్తకంలోనూ అది ఉండదు. అయినా దానికి కారణం ఉంది. గోడ అవతల పడ్డ బంతి తిరిగొచ్చేది కాదు, ఆట అంతటితో ఆగిపోయేది. బలంగా కొట్టడం తప్పని కాదు, ఆ బలం వల్ల మిగతా పదిమందికీ ఆట లేకుండా పోతోంది కాబట్టి ఆ రూలు. అదే సమయంలో ఇంకో సంగతీ ఉంది: బ్యాట్ ఎవడిదైతే రూలు వాడిది.

పోకెమాన్‌లో ‘బ్యాట్’ కంపెనీది. కంపెనీ ఆధ్వర్యంలో 2009 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు జరుగుతున్నాయి. అక్కడ రెండేసి జీవులు ఒకేసారి బరిలోకి దిగుతాయి. రూళ్లు కంపెనీవే. 2016 సీజన్‌లో అక్కడ నిద్ర గొడవ శ్రుతి మించింది. ఏ విద్యనైనా నేర్చుకోగల స్మియర్గల్ అనే బొమ్మలేసే కుక్క ‘డార్క్ వాయిడ్’ ప్రయోగించి ఎదుటి రెండు జీవులనూ ఒకే దెబ్బతో నిద్రపుచ్చేది. ఆటగాళ్లు మొత్తుకున్నారు. ఆ నవంబరులో వచ్చిన కొత్త ఆటల్లో కంపెనీ ఆ విద్యను డార్క్‌రాయ్ అనే ఒక్క జీవికే పరిమితం చేసింది. అది తగిలే అవకాశాన్ని 80 శాతం నుంచి 50కి దించింది. ఓటింగ్ లేదు, సంజాయిషీ లేదు. బ్యాట్ వాళ్లది.

బ్యాట్ లేని పిల్లలు కూడా రూళ్లు రాసుకుంటారు. స్మోగాన్ అనే ఆటగాళ్ల బృందం 2004 నుంచి ఆ పనిలోనే ఉంది. ఒక్కో జీవి తలపడే ఆటకు వాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లే షోడౌన్‌లో ఎక్కువగా నడుస్తాయి. తగిలితే ఒక్క దెబ్బకే ప్రాణం తీసే విద్యలు నిషిద్ధం. అవి తగిలే అవకాశం 30 శాతమే. కానీ ఆ 30 శాతం తగిలినప్పుడు అప్పటిదాకా వేసిన ఎత్తులన్నీ బూడిదలో పోసిన పన్నీరు. దెబ్బలు తప్పించుకునే శక్తిని పెంచుకోవడమూ నిషిద్ధం. దాన్ని చివరిదాకా పెంచుకుంటే, కచ్చితంగా తగలాల్సిన దెబ్బ కూడా మూడింట ఒకసారే తగులుతుంది. అప్పుడిక ఆడేది మనిషి కాదు, పాచిక.

మరీ బలమైన జీవులకు ఉబర్స్ అని వేరే పంక్తి వేశారు. మ్యూటూ లాంటివాటి విస్తరి అక్కడే. 2014లో మెగా రేక్వేజా వచ్చినప్పుడు దాన్ని ఆ పంక్తిలో కూడా కూర్చోబెట్టలేకపోయారు. ‘ఎనీథింగ్ గోస్’ అని ఇంకో పంక్తి వేయాల్సి వచ్చింది. అక్కడ దాదాపు అన్నీ చెల్లుతాయి.

మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఏడో తరగతి చదివే మా మేనల్లుడికి అలా అనిపించదు. వాడి గేమ్ పరికరాన్ని డాలస్‌లో ఉన్న వాళ్ల బాబాయి పంపించాడు. 2019 నవంబరులో వచ్చిన స్వోర్డ్, షీల్డ్ ఆటలంటే వాడికి ప్రాణం. వాటిలో అసలు ఆకర్షణ డైనమాక్స్, అంటే జీవి మూడు వంతుల పాటు కొండంత పెరిగిపోవడం. ఆట వచ్చిన మరుసటి నెలలోనే స్మోగాన్ తన ప్రధాన పోటీలో దాన్ని నిషేధించింది.

“కొన్న వస్తువులో సగం వాడొద్దంటే సగం డబ్బులు తిరిగిస్తారా మామయ్యా?” అన్నాడు వాడు.

“డబ్బులు పెట్టింది నువ్వు కాదు కదరా, మీ బాబాయి” అన్నాను. మాట తప్పించానే తప్ప అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

వాడి వైపు వాదించేవాళ్లకు ఒక కథ కంఠతా వచ్చు. 2014 ఆగస్టు, వాషింగ్టన్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ పచిరిసు అనే కరెంటు ఉడతను దించాడు. పోటీ ఆటలో దాన్ని ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు. భాగస్వామికి తగలాల్సిన దెబ్బలను అది తన మీదికి లాక్కుంటూ నిలబడింది. పార్క్ కప్పు పట్టుకెళ్లాడు. కాబట్టి నిషేధాలెందుకు, ముందు జవాబు వెతకండి, ఎక్కడో ఒక ఉడత దొరక్కపోదు అంటారు వీళ్లు.

కథ నిజమే. కానీ అందులో సగం ఎవరూ చెప్పరు. ఆ ఏడాది పోటీలో మ్యూటూ, జెర్నియస్, ఇవెల్టాల్ లాంటి మహాబలులకు ప్రవేశం లేదు. వాటిని గుమ్మం బయట ఆపారు కాబట్టే లోపల ఉడతకు చోటు దొరికింది. నిషేధం కొన్ని దారులు మూస్తుంది, కొన్ని తెరుస్తుంది. ఎన్ని మూసింది, ఎన్ని తెరిచిందన్నదే లెక్క.

మరి ఆ లెక్క కట్టేది ఎవరు? స్మోగాన్‌లో అనుమానం వచ్చిన జీవి మీద పరీక్ష పెడతారు. కొత్త ఖాతాతో ఆడి, నిర్ణీత స్థాయిని అందుకున్నవాళ్లకే ఓటు. నిషేధించాలంటే మామూలుగా 60 శాతం ఓట్లు పడాలి. తెలిసినవాళ్లే నిర్ణయించాలన్నది వాళ్ల ఉద్దేశం. సబబుగానే ఉంది. కానీ అందులో ఒక చిక్కు ఉంది. అది నాకు కిందటి వేసవిలో మా అపార్ట్‌మెంట్ డాబా మీద బోధపడింది.

తొమ్మిది నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలు ఎనిమిది మంది షోడౌన్‌లో టోర్నీ పెట్టుకున్నారు. నన్ను అంపైర్‌ని చేశారు. మొదట రూళ్లేమీ వద్దనుకున్నారు. మూడో అంతస్తులో ఉండే తొమ్మిదేళ్ల చిన్నోడు, గుడ్డు పట్టుకుని తిరిగే గులాబీ రంగు నర్సులాంటి బ్లిస్సీని తెచ్చాడు. దానికి మినిమైజ్ అనే విద్య ఉంది. మూడుసార్లు వాడితే చాలు, తప్పించుకునే శక్తి గరిష్ఠానికి చేరుతుంది. దెబ్బ తగిలినప్పుడల్లా గుడ్డు తిని ప్రాణం నింపుకుంటుంది. నలభై నిమిషాల తర్వాత మా మేనల్లుడు ఓడిపోయాడు. ఆ తర్వాత పదిహేనేళ్ల కుర్రాడూ ఓడిపోయాడు. “తొండి! తొండి!” అని డాబా దద్దరిల్లింది.

నీళ్ల ట్యాంకు నీడలో పంచాయితీ పెట్టాం. పెద్ద పిల్లలు చెప్పాల్సిందంతా చక్కగా చెప్పారు. దానికి విరుగుళ్లు లేకపోలేదు, ఎన్నడూ తప్పని దెబ్బలూ ఉన్నాయి, కానీ ఉన్న నాలుగు విద్యల్లో ఒకటి దానికే కేటాయిస్తే మిగతా ఆట ఏం కావాలి? నాకూ అదే సబబనిపించింది. అప్పుడు చిన్నోడు అన్నాడు: “నాకు అన్నయ్యలంత తెలీదంకుల్. ఇది కూడా తీసేస్తే నేనెలా గెలుస్తాను?”

ఎవరూ మాట్లాడలేదు. ఒక అమ్మాయి జాలిపడి, “పోనీ వీణ్ని ఆటలో అరటిపండు చేద్దాం” అంది. గెలిచినా ఓడినా లెక్కలేదన్నమాట. వాడి మొహం ఎర్రబడింది. “నేను అరటిపండును కాను” అన్నాడు.

పాతికేళ్ల వాదనలో నాకు ఎక్కడా ఇంత సూటిగా వినపడని మాట అది. అదృష్టం బలహీనుడికి చుట్టం. వంద ఆటలాడితే గెలుపు తెలిసినవాడిదే. ఒక్క ఆటలో పాచిక పడితే చిన్నోడు కూడా గెలవొచ్చు. అదృష్టాన్ని ఊడ్చేసే ప్రతి రూలూ ఆటను శుభ్రం చేస్తుంది, దాంతోపాటు చిన్నోడి ఒకే ఒక్క తలుపునూ మూసేస్తుంది. ఆ రూలు మీద ఓటు మాత్రం నిర్ణీత స్థాయి దాటినవాళ్లకే! తలుపు ఎవరికి మూసుకుపోతుందో వాళ్లు ఆ గదిలోనే ఉండరు.

అలాగని మినిమైజ్‌ని వదిలేయాలా? వదిలేస్తే వారం తిరక్కుండా ఎనిమిది మందీ బ్లిస్సీనే తెస్తారు. అప్పుడు గెలిచినవాడికి ఎందుకు గెలిచాడో తెలియదు, ఓడినవాడు నేర్చుకునేదీ ఉండదు. అది గోడ దాటిన బంతి. నా దృష్టిలో నిషేధం న్యాయమే. అయితే ఆ న్యాయానికి ఒక షరతుంది: పాత తలుపు మూసినప్పుడు కొత్తవాడు లోపలికి రావడానికి ఇంకో దారి చూపించాలి. మూసేముందు వాణ్ని కూడా అడగాలి.

ఎనిమిది మందికీ ఓటిచ్చాం. ఐదుగురు నిషేధమన్నారు, ముగ్గురు వద్దన్నారు. 60 శాతం దాటింది, మినిమైజ్ పోయింది. ఓడిన ముగ్గురూ తమకేం కావాలో చెప్పమన్నాను. అధికారిక పోటీల్లో 2023 సీజన్ నుంచి ఆటకు ముందు ఇద్దరి జట్ల వివరాలూ ఒకరికొకరు చూపించుకుంటున్నారు. అది మనకూ కావాలన్నారు. దానికి అందరూ ఒప్పుకున్నారు. దాంతో ఎదుటివాడి జట్టును బట్టీ కొట్టిన పెద్దవాడికీ, పేర్లే సరిగ్గా తెలియని చిన్నవాడికీ ఆట మొదలయ్యే సమయానికి కనీసం ఒక కాగితం సమానంగా ఉంటుంది. నిషేధాన్ని దసరా సెలవుల్లో మళ్లీ ఓటుకు పెట్టాలని కూడా రాసుకున్నాం.

రూలుకు గడువు పెట్టడం పిల్లల చాదస్తం కాదు. ఇంతకుముందు చెప్పిన నిద్ర సంగతే చూడండి. 2000లో అమెరికాలో విడుదలైన పోకెమాన్ స్టేడియంలోనే ‘ఒక్కసారికి ఒక్కదాన్నే నిద్రపుచ్చాలి’ అన్న కట్టడి ఉంది. స్మోగాన్ ఆటల్లోనూ అది ఏళ్ల తరబడి నడిచింది. కానీ అసలు ఆటలో లేని అడ్డంకిని షోడౌన్‌లో కృత్రిమంగా పెట్టడమేమిటన్న అసంతృప్తి పోలేదు. చివరికి 2024లో తమ ప్రధాన పోటీలో నిద్రపుచ్చే విద్యలనే నిషేధించారు. రెండు దశాబ్దాలు నిలిచిన రూలు కూడా తిరగరాయడానికి వీల్లేనిది కాదని దాన్ని కాపాడుకున్నవాళ్లే ఒప్పుకున్నట్టయింది.

దసరాకు మళ్లీ ఓటు పెట్టాం. ఆరుగురు నిషేధం ఉండాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. చిన్నోడు ఇప్పటికీ వ్యతిరేకమే. నాలుగు ఆటల్లో ఒకటి గెలిచాడు, అదీ బ్లిస్సీ లేకుండా. ఓడిన ఆటల గురించి మా ఇంటికొచ్చి మరీ అడిగాడు, ఏ ఎత్తు దగ్గర పోయిందంకుల్ అని. ఆ ఎత్తు చూపించగలిగాను. పాచిక దగ్గర పోయి ఉంటే చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. వచ్చే సంక్రాంతికి ఇంకో ప్రతిపాదన తెస్తానని వెళ్లాడు. ఏమిటో చెప్పలేదు. తెమ్మన్నాను.