చాపల మీది లూథరన్ ఆరాధన

లూథరన్ ఆరాధనలో నిరాడంబరమైన రకం ఒకటుంది. అందులో ఆరాధన క్రమం పుస్తకం తెరవరు, పాస్టరు గారు అంగీ వేసుకోరు. ఏదో ఒక ఇంట్లో చాపలు పరుచుకుని కూర్చుంటారు. ఒక కీర్తన, ఒక వాక్యభాగం, దాని మీద నాలుగు మాటలు, ప్రార్థన. అంతే. ఇది మన పద్ధతి కాదు, పెంతెకొస్తు వాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నది అని పెదవి విరిచే సంఘపెద్దలు ఇప్పటికీ తగులుతుంటారు. వాళ్లు లూథర్‌ను పొగిడినంతగా చదవలేదన్నమాట.

1526లో తన జర్మన్ ఆరాధన క్రమానికి రాసిన ముందుమాటలోనే లూథర్ మూడు రకాల ఆరాధనలు చెప్పాడు. ఒకటి లాటిన్‌లో, ఒకటి జర్మన్‌లో. మూడోది, నిజంగా విశ్వాసులు కాగోరేవారు పేర్లు రాయించుకుని ఒక ఇంట్లో కూడుకునేది. అక్కడ పాటల హంగు అక్కర్లేదన్నాడు. అందుకు తగిన మనుషులు తనకింకా దొరకలేదంటూ దాన్ని అక్కడితో వదిలేశాడు. ఆచారాలు అన్నిచోట్లా ఒక్కలా ఉండనక్కర్లేదని లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం ఏడో అధికరణమూ చెబుతుంది.

వదిలేసిన ఆ మూడో రకాన్ని 1670లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్పేనర్ అనే లూథరన్ పాస్టరు అందుకున్నాడు. లూథరన్ రాజ్యాలకు మాత్రం అది గిట్టలేదు. ఇళ్లలో ప్రార్థన కూటాలను స్వీడన్ 1726లో నిషేధించింది, డెన్మార్క్–నార్వే 1741లో పాస్టరు అదుపు కిందికి తెచ్చింది. నార్వేలో హాన్స్ నీల్సన్ హౌగె అనే రైతుబిడ్డకు 1796లో పొలం దున్నుతుండగా దైవానుభవం కలిగింది. ఊరూరా తిరిగి ఇళ్లలో బోధించినందుకు 1804లో అతణ్ని పట్టుకుని ఏళ్ల తరబడి బంధించారు. 1809లో ఇంగ్లండు నౌకల దిగ్బంధంతో దేశంలో ఉప్పు కరువైతే, ఉప్పు తయారీ ఏర్పాట్ల కోసం అతణ్నే కొన్నాళ్లు బయటికి వదిలారు. పని కాగానే మళ్లీ లోపల పెట్టారు. ప్రార్థన చేస్తే నేరస్తుడు, ఉప్పు వండితే దేశభక్తుడు! కూటాలను అదుపు చేసిన ఆ 1741 చట్టాన్ని నార్వే 1842లో ఎత్తేసింది.

అదే ఏడాది జూలై 31న హేయర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు చేరాడు. అక్కడి నుంచి ఎదిగిన పని 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడింది. ఇక్కడ ఇంటి ప్రార్థనను ఎవరూ నిషేధించలేదు. దానికి వచ్చిన చేటు వేరే: సౌండ్ బాక్సులు. పది మంది కూర్చున్న గదిలో మైకు ఎందుకో, కీబోర్డులో చప్పట్ల మోత ఎందుకో ఎవరూ చెప్పరు. అంగీ తీసేసి ఆంప్లిఫయర్ తగిలించుకోవడాన్ని నిరాడంబరం అనడం కుదరదు. ముసలామె ఎత్తుకున్న కీర్తనకు కంజీర, తాళాలు చాలు. ఆమె శ్రుతి కాస్త తప్పినా పదాలు వినిపిస్తాయి, బాక్సులు మోగితే అవీ వినపడవు.

ఇంటి ఆరాధనలోని ఈ సడలింపుకు ఒక హద్దుంది. ఇంటి కూటంలో ఎవరైనా ప్రార్థించవచ్చు, సాక్ష్యం చెప్పవచ్చు. ప్రభు భోజన సంస్కారానికి మాత్రం, ఆగ్స్‌బర్గ్ ప్రమాణం పద్నాలుగో అధికరణం ప్రకారం, సక్రమంగా పిలుపు పొందినవారే కావాలి. అందుకని పాస్టరు గారు వంతులవారీగా వచ్చే పల్లెల్లో మిగతా ఆదివారాలు ఉపదేశి నడిపిస్తాడు. రొట్టె, ద్రాక్షారసం అయ్యగారు వచ్చే ఆదివారానికే.